గిట్ నుంచి తెచ్చుకున్న షెల్ స్క్రిప్టుల్ని అప్‌డేట్ చేయడం, తీసేయడం ఎలా?

గిట్‌హబ్ నుంచి ఒక్కో స్క్రిప్టూ తెచ్చి, సుడో కొట్టి (అడ్మిన్ హక్కులతో), యూఎస్ఆర్ లోకల్ బిన్ ఫోల్డర్లో కాపీ చేశానన్నారు. ఇప్పుడు ఏది ఎక్కడిదో గుర్తులేదు, ఉబుంటులో సాఫ్ట్‌వేర్ పెట్టి తీసే ఆప్ట్ లాంటిది వీటికి ఉందా అని అడిగారు. ఉంది. బేషర్ ఒకటి, బీపీకేజీ ఇంకొకటి. నేను బేషర్ వాడతాను. ఏది వాడినా ముందు ఆ బిన్‌లోకి కాపీ చేసే అలవాటు మానండి.

నాకు బుద్ధొచ్చింది బెంగళూరు మడివాలలో. పాత లాగ్ ఫైళ్లు చెరిపే స్క్రిప్టు రాసి, ఆఫీసు సర్వర్లో మీలాగే కాపీ చేశా. తర్వాత అందులో తప్పు దొరికితే సరిదిద్ది, కొత్తదాన్ని హోమ్‌లోని డాట్ లోకల్ బిన్‌లో పెట్టా. చేత్తో నడిపితే బ్రహ్మాండంగా పనిచేసింది. ఓ శుక్రవారం రాత్రి కడప బస్సు కోసం నిలబడి ఉంటే జూనియర్ ఫోను: "అన్నా, డిస్కు నిండిపోయింది." హాట్‌స్పాట్ పెట్టి లాగిన్ అయ్యేసరికి బస్సింకా సిల్క్ బోర్డు దగ్గరే ఉంది (ఆ ట్రాఫిక్ గురించి మీకు నేను చెప్పాలా!). టైప్ కమాండుకి హైఫన్ ఏ తగిలించి స్క్రిప్టు పేరిస్తే పాత్‌లో (కమాండుల కోసం షెల్ వెతికే ఫోల్డర్ల జాబితాలో) ఉన్న కాపీలన్నీ వరసగా చూపిస్తుంది. రెండు కనబడ్డాయి. ఉబుంటులో హోమ్‌లోని ఆ బిన్‌దే ముందు వంతు కాబట్టి నాకు కొత్తది నడిచేది. వేళకి తనే స్క్రిప్టులు నడిపే క్రాన్‌లో నేను పూర్తి దారితో రాసిపెట్టిందేమో పాతదానికి. అందుకే రోజూ నడిచింది ఆ తప్పున్నదే.

బేషర్ అలా బిన్‌లోకి ఏదీ కాపీ చేయదు. గిట్ రిపోని (స్క్రిప్టు కోడంతా ఉండే చోటుని) హోమ్‌లో డాట్ బేషర్ కింద క్లోన్ చేసి, అంటే మొత్తంగా దించుకుని, స్క్రిప్టుకి లింకు వేస్తుంది. సుడో అక్కర్లేదు. ఇన్‌స్టాల్ అని యజమాని పేరు, స్లాష్, రిపో పేరు ఇస్తే చాలు. అప్‌గ్రేడ్, అన్‌ఇన్‌స్టాల్, లిస్ట్ పేర్లకు తగ్గట్టే పనిచేస్తాయి. పాతబడినవేవో అవుట్‌డేటెడ్ చెబుతుంది. సొంత స్క్రిప్టులైతే లింక్ వాడండి.

ఒక ఇబ్బంది ఉంది. బేషర్ పాత్‌లోకి వచ్చేది షెల్ తెరిచినప్పుడు చదివే బాష్ ఆర్‌సీ ఫైల్లో రాసే ఇనిట్ లైను వల్ల. క్రాన్ ఆ ఫైలు చదవదు. అందుకని క్రాన్‌లో లింకు పూర్తి దారి ఇవ్వండి, అప్‌గ్రేడ్ చేసినా ఆ దారి మారదు.

ప్రాజెక్టుకి విడిగా స్క్రిప్టులు కావాలంటే బీపీకేజీ నయం. హైఫన్ జీ పెట్టకపోతే ఆ ఫోల్డర్లోనే డెప్స్ కింద పడేస్తుంది. రెండింట్లోనూ ఆప్ట్‌కి ఉన్నట్టు ఉబుంటు లాంటి డిస్ట్రో వాళ్ల వడపోత ఉండదు. ఎవరో నిన్న రాత్రి గిట్‌హబ్‌లోకి ఎక్కించిన కోడు ఇవాళ మీ మెషిన్లో నడుస్తుంది. పెట్టుకునే ముందు ఒకసారి తెరిచి చదవండి. ఫైళ్లు చెరిపేసే ఆర్‌ఎమ్ కమాండు ఎక్కడుందో ముందు చూడండి.

ఇప్పుడున్నవాటిని ఒక్కరోజే ఊడ్చేయకండి. ఒక్కోటి బేషర్‌లోకి తెచ్చి, క్రాన్‌లో దారి మార్చాకే పాత కాపీ తీయండి. తీశాక హాష్ హైఫన్ ఆర్ కొట్టండి, బాష్ గుర్తుపెట్టుకున్న దారులు మరిచిపోతుంది. లేకపోతే బాష్ ఆ పాత దారికే పోయి ఫైలు లేదంటుంది.