అప్పిస్తే ‘సాయం’ అనొచ్చా?

సందేహం: “ఫలానా రోడ్డుకు జపాన్ ఆర్థిక సాయం” అని పత్రికలో శీర్షిక. లోపల చదివితే అది వడ్డీతో తిరిగి కట్టాల్సిన అప్పు. దీన్ని సాయం అనడం సరైనదేనా? ‘అభివృద్ధి చెందుతున్న దేశాలు’, ‘వర్ధమాన దేశాలు’ – వీటిలో ఏది రాయాలి? ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల్లోని వర్ధమాన దేశాలన్నిటినీ కలిపి చెప్పే గ్లోబల్ సౌత్‌ను ‘ప్రపంచ దక్షిణం’ అనొచ్చా? స్టేక్‌హోల్డర్లను, అంటే ఒక పనితో మంచిచెడ్డలు ముడిపడినవాళ్ళను, ‘వాటాదారులు’ అని రాయమంటున్నారు, నాకు మనసొప్పడం లేదు.
– జర్నలిజం పరిశోధక విద్యార్థిని, తార్నాక, హైదరాబాద్

సమాధానం: అనకూడదని వ్యాకరణం చెప్పదు. వాడుక మాత్రం గట్టిగానే చెబుతుంది. సహాయం అన్న మాటలో ‘వెంట నడవడం’ అనే అర్థం ఉంది. తెలుగులో అది ఇంకా పోలేదు. “చీకటి పడింది, బస్టాపు దాకా సాయం రా” అంటాం. మాట సాయం, చేతి సాయం ఆ దారిలో వచ్చినవే. డబ్బు దగ్గరికొచ్చేసరికి మనవాళ్ళు మాటల్ని చాలా జాగ్రత్తగా విడదీసుకున్నారు. నాలుగు రోజుల్లో వడ్డీ లేకుండా తిరిగిచ్చేది చేబదులు. వడ్డీ, గడువు ఉంటే అప్పు. పదిమందీ తలా కొంత వేసుకుంటే చందా. తిరిగివ్వక్కర్లేకపోతే అప్పుడు సాయం. పక్కింటాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష ఇస్తే “లక్ష సాయం చేశాడు” అని ఎవరూ అనరు. మరీ కృతజ్ఞత ఉంటే “సమయానికి అప్పిచ్చి ఆదుకున్నాడు” అంటారు. అంత మంచి మాటలోనూ అప్పు అప్పుగానే ఉంటుంది.

మన ఊరి ఉదాహరణే చూడండి. ఔటర్ రింగ్ రోడ్డులో కొంత భాగానికి, హుస్సేన్‌సాగర్ ప్రక్షాళనకు జపాన్ నుంచి డబ్బు వచ్చింది. అది జపాన్ ప్రభుత్వ సంస్థ జైకా ద్వారా ఆ దేశపు కరెన్సీలో వచ్చిన యెన్ రుణం. ఈ పనుల గురించి రాసేటప్పుడు ‘జపాన్ సాయంతో’, ‘జైకా నిధులతో’ అని రాసేయడం అలవాటైపోయింది. నన్నడిగితే ‘సాయం’ కన్నా ‘నిధులు’ ఎక్కువ ఇబ్బంది పెట్టే మాట. సాయం అంటే ఎవరు చేశారో, ఎందుకు చేశారో అని కనీసం అడగాలనిపిస్తుంది. నిధులు అనేసరికి డబ్బు ఎక్కడో పాతిపెట్టి ఉంటే తవ్వి తీసినట్టు ధ్వనిస్తుంది. ఎవరు కట్టాలన్న ప్రశ్నే పుట్టదు. కట్టాల్సింది మనమే. 2005 నుంచి విదేశీ రుణాలను కేంద్రం ఏ షరతులతో తెస్తే అవే షరతులతో మనలాంటి రాష్ట్రాలకు బదలాయిస్తోంది. కాబట్టి ‘జైకా రుణంతో’ అని రాయండి. అక్షరాలు కూడా పెరగవు, శీర్షికలో హాయిగా పడుతుంది.

“పరిశోధన గ్రంథాల్లో అంతా సాయమనే రాస్తున్నారు కదా” అంటారేమో. దానికో కారణం ఉంది. ధనిక దేశాల కూటమి ఓఈసీడీలోని అభివృద్ధి సాయం కమిటీ 1969లో ‘అధికారిక అభివృద్ధి సాయం’ అనే లెక్కను నిర్వచించింది. అందులో తిరిగివ్వక్కర్లేని గ్రాంట్లతో పాటు మార్కెట్ కన్నా తేలిక షరతులతో ఇచ్చిన అప్పుల్నీ చేర్చింది. చాలా ఏళ్ళపాటు అలాంటి అప్పు మొత్తాన్నీ సాయం కింద రాసుకుని, అసలు తిరిగొచ్చినప్పుడు తీసేసేవారు. 2018 లెక్కల నుంచి పద్ధతి మారింది. ఇప్పుడు అప్పులో రాయితీ విలువ ఎంతో అంతే లెక్క వేస్తున్నారు. ఇది వాళ్ళ పద్దుపుస్తకం మాట. మీ సిద్ధాంత వ్యాసంలో ఆ లెక్క గురించి చెప్పేటప్పుడు ‘అధికారిక అభివృద్ధి సాయం’ అనే ఉంచండి, మార్చే హక్కు మనకు లేదు. మొదటిసారి వచ్చిన చోట “ఇందులో రాయితీ రుణాలూ ఉన్నాయి” అని ఒక వాక్యం కలపండి చాలు. వార్త రాసేవాళ్ళకు మాత్రం ఆ మొహమాటం అక్కర్లేదు.

ఈ గందరగోళం ఇవాళ్టిది కాదు. పీఎల్-480 అనే అమెరికా చట్టం కింద వచ్చిన గోధుమల్ని ఆ దేశం ఊరికే ఇచ్చిందని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. 1956 ఒప్పందం నుంచి వచ్చిన గోధుమల్లో అత్యధిక భాగం మనం రూపాయలు చెల్లించి కొన్నదే. డాలర్లు అడగకపోవడమే అందులోని వెసులుబాటు. ఆ రూపాయలు ఇక్కడే గుట్టగా పేరుకుపోయి, చివరికి 1974లో అమెరికా వాటిలో 1,664 కోట్లు మన ప్రభుత్వానికి వదిలేసింది. అదే చట్టం కింద స్వచ్ఛంద సంస్థల ద్వారా బడికొచ్చిన ఉప్మా రవ్వ, పాలపొడి మాత్రం నిజంగా ఉచితమే. ఆనాటి పిల్లలు ఇవాళ తాతలై ఉంటారు, అడిగి చూడండి, ‘అమెరికా ఉప్మా’ రుచి ఇంకా చెబుతారు. ఒకే చట్టం, ఒకే ఓడరేవు, ఒకటి అమ్మకం, ఇంకొకటి సాయం. చరిత్ర రాసేవాళ్ళు రెండిటినీ ఒకే గోనెసంచిలో పోస్తే ఎలా?

ఈ విషయంలో కచ్చితంగా మాట్లాడేది డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళు. డ్వాక్రా 1982లో యునిసెఫ్ తోడ్పాటుతో మొదలైన పథకం. 2000లో ప్రపంచ బ్యాంకు రుణంతో ‘వెలుగు’ అనే పేదరిక నిర్మూలన పథకం వచ్చింది, ఆ తర్వాత ఇందిరా క్రాంతి పథం. ఏ జిల్లా ప్రాజెక్టు నివేదిక తిరగేసినా ‘ఆర్థిక చేయూత’, ‘లబ్ధిదారులకు అందజేత’ అని ఉంటుంది. ఆ లబ్ధిదారుల్ని అడగండి: “లోన్ తీసుకున్నం, నెలనెలా కిస్తీ కడుతున్నం” అంటారు. తీసుకోవడం, కట్టడం – రెండు క్రియలకూ కర్త తామే. నివేదికలో వాళ్ళు ‘కు’ విభక్తి తగిలించుకుని, ‘లబ్ధిదారులకు’ అని, చేతులు చాచి నిలబడి ఉంటారు. మీ పరిశోధనకు నిజమైన సామగ్రి ఇక్కడుందని నాకనిపిస్తుంది. సాయం అన్న నామవాచకం ఒక్కటే లెక్కపెట్టకండి. వాక్యంలో కర్త ఎవరు, ‘కు’ తగిలించుకున్నది ఎవరు అని కూడా చూడండి. “గ్రామానికి తాగునీరు అందించారు”, “ఊరివాళ్ళు తాగునీళ్ళు తెచ్చుకున్నారు” – పైపు ఒకటే అయినా కథలు వేరు.

ఇక ‘అభివృద్ధి చెందుతున్న’. ఇంగ్లీషు కన్నా తెలుగులో ఇది ఇంకా బిగుసుకుంది. చెందని, చెందుతున్న, చెందిన అని ఒక్క ధాతువుకే మూడు రూపాలు. దేశాలన్నీ ఒకే మెట్ల వరసలో వేర్వేరు మెట్లపై నిలుచున్నట్టు, పైమెట్టు అందరికీ ఒకటే అయినట్టు చెప్పకనే చెబుతాయి. ఈ వరస ప్రపంచ రాజకీయాల్లో బాగా వ్యాపించింది 1949 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ చేసిన ప్రమాణ స్వీకార ప్రసంగం తర్వాత. ప్రపంచ బ్యాంకే 2016 అభివృద్ధి సూచికల్లో ‘చెందిన – చెందుతున్న’ విభజనను పక్కన పెట్టి, ఆదాయాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి లెక్కలివ్వడం మొదలుపెట్టింది. ‘వర్ధమాన’ పొట్టిగా ఉంటుంది, పలకడానికి బాగుంటుంది, అర్థం మాత్రం అదే: పెరుగుతున్న. ‘వర్ధమాన నటుడు’ అన్నట్టే. రెంటిలో ఏది రాసినా తప్పు లేదు. వీలైన చోట ‘అల్పాదాయ దేశాలు’, ‘మధ్యాదాయ దేశాలు’ అని రాస్తే కొలత ఏమిటో పాఠకుడికి తెలుస్తుంది. అంతకన్నా మంచిది దేశం పేరే రాయడం. నేపాల్ గురించి రాస్తూ “ఒక వర్ధమాన దేశం” అనడం దేనికి?

‘ప్రపంచ దక్షిణం’ వద్దు. తెలుగువాళ్ళకు దక్షిణాది అంటే మనమూ, తమిళులూ, కన్నడిగులూ, మలయాళీలూను. ‘దక్షిణాది దేశాలు’ అన్నా తికమకే. పైగా ఇది దిక్కుల లెక్క కాదు. ధనిక, పేద దేశాల మధ్య తేడాలపై 1980లో బ్రాండ్ట్ కమిషన్ ఇచ్చిన నివేదిక పటంలో ఉత్తర, దక్షిణాలను విడదీసే గీత ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దగ్గరికొచ్చి వంపు తిరిగి, వాటిని ఉత్తరంలోకి లాగేసుకుంటుంది! గ్లోబల్ సౌత్ అని తెలుగు లిపిలో రాసి ఒక్కసారి వివరించండి.

వాటాదారులు అంటే కంపెనీ షేర్లున్నవాళ్ళు. ఏడాదికోసారి డివిడెండు అందుకునేవాళ్ళు. చెరువు పూడికతీత ప్రాజెక్టులో రైతుల్ని, జాలరుల్ని వాటాదారులంటే, మా లాభం వాటా ఏదని వాళ్ళు అడగొచ్చు, అడిగితే న్యాయమే. ‘సంబంధిత వర్గాలు’ అనండి. లేదా రైతులు, జాలరులు, ఇరిగేషన్ శాఖ అని పేర్లు పెట్టి రాయండి.