నిన్నటిదాకా బాగున్న స్పీకర్లు ఒక్క మాటతో చెడిపోతాయా?

మీ ప్రశ్న ఇదీ: ముచ్చటపడి కొన్న స్పీకర్లు హాయిగా వింటున్నారు. స్నేహితుడొచ్చి "బేస్ తేలిపోతోంది" అన్నాడు, అంటే పాటలోని లోతైన మంద్ర ధ్వని పల్చగా ఉందని. అప్పట్నుంచీ ఏ పాట పెట్టినా మీకూ అలాగే వినిపిస్తోంది. లోపం చెవిదా, సెట్టుదా?

చెవికేమీ కాలేదు. ఫలానా చోట వెలితి ఉందని ఎవరైనా చెబితే మనసు నేరుగా అక్కడికే పోతుంది. ఇక పాట వినడం మానేసి సెట్టుకు పరీక్ష పెడుతుంటాం.

తిరుపతిలో మా ఇంట్లో ఇదే జరిగింది. మా బావది చిత్తూరు. కొత్తగా ఖరీదైన ఆంప్లిఫయర్ కొన్న ఊపులో ఉన్నాడు. నా పాతదాని మీద పాట వినగానే "గొంతు డబ్బాలోంచి వస్తా ఉండాదే" అన్నాడు. నాకూ ఆ డబ్బా వినబడడం మొదలైంది! ఈసారి వచ్చినప్పుడు తనది కారులో వేసుకొచ్చాడు. స్పీకర్లు అవే, ఆంప్లు రెండూ దుప్పటి వెనక, వైర్లు మార్చేది మా అమ్మాయి. ముందుగా ఫోన్‌లో సౌండ్ మీటర్ పెట్టి రెండింటి వాల్యూమ్ సమానం చేశాం. ఇది మాత్రం తప్పకుండా చేయాలి. ఒక డెసిబెల్ లాంటి చిన్న తేడా ఉన్నా, ఎక్కువ మోగేది మనకు పెద్దగా ఉన్నట్టు తోచదు, బాగున్నట్టు తోస్తుంది.

బావ కళ్లు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ, "ఇదే నాది, ఆ గొంతు చూడు" అన్నాడు. అప్పుడు మోగుతున్నది నాది. ఆ తర్వాత కొన్ని సరిగ్గా చెప్పాడు, కొన్ని తప్పాడు. నా వంతులోనూ అంతే. తమాషా ఏమిటంటే, దుప్పటి తీసేశాక ఆయనకు మళ్లీ తనదే బాగా వినిపించింది. కోతలు కోయడం కాదు, నిజంగానే అలా వినిపించింది. కొన్న ముచ్చట కూడా వినికిడిలో భాగమే, దాన్ని తప్పుపట్టను.

అలాగని అంతా భ్రమ అని కొట్టిపారేయకండి. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ధ్వని పరిశోధకులు ఒకే స్పీకర్లను కనబడేలా ఒకసారి, తెర వెనక ఒకసారి వినిపించి మార్కులు వేయించారు. చూస్తూ విన్నవాళ్లు రూపానికీ బ్రాండుకీ మొగ్గారు. అంతేకాదు, గదిలో స్పీకర్ చోటు మారినందువల్ల వచ్చిన అసలు తేడాను పెద్దగా పట్టించుకోలేదు. తెర వెనక ఉన్నప్పుడు అదే తేడా పట్టుకోగలిగారు.

కాబట్టి మీ స్నేహితుడి మాటలో కొంత నిజం ఉండొచ్చు కూడా. స్పీకర్లను వెనక గోడకు జానెడు దగ్గరికి జరపండి, బేస్ పెరుగుతుంది. మీరు కూర్చునే చోటు కూడా కాస్త మార్చి చూడండి. హాలంతా నున్నటి టైల్స్ అయితే ఒక జంపఖానా పరవండి, మోత తగ్గుతుంది. వీటికి పైసా ఖర్చు లేదు. తర్వాత ఆయన్ని మళ్లీ పిలిచి అదే పాట పెట్టండి. జరిపిన సంగతి మాత్రం ముందే చెప్పకండి.