కాల్షియం మాత్ర వేసుకుంటే పొటాషియం తగ్గుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 61 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి, బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నారు. అలిపిరి మెట్ల మీదుగా కొండకు వెళ్లొచ్చినప్పటి నుంచి మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ తెచ్చి వేసుకుంటున్నారు. నిన్న రక్తపరీక్షలో పొటాషియం 5.9, కిడ్నీ పనితీరును తెలిపే క్రియాటినిన్ 1.7 వచ్చాయి. కిడ్నీ కణాల్లో పొటాషియం చానెళ్లను, అంటే పొటాషియం బయటకు పోయే దారులను, కాల్షియం తెరుస్తుందని చదివాను. కాల్షియం మాత్రలు వేస్తే పొటాషియం తగ్గుతుందా? – ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: తగ్గదు. ఆ సంగతి తర్వాత, ముందు నాన్నగారిని ఈరోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. స్విమ్స్ అయినా, రుయా అయినా, దగ్గర్లో ఈసీజీ తీసే ఏ ఆస్పత్రయినా సరే. పొటాషియం మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. 5.9 ఉన్నా కొందరికి పైకి ఏమీ తెలియదు, కానీ గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. రక్తం తీసేటప్పుడు కణాలు చితికినా అంకె ఎక్కువగా వస్తుంది కాబట్టి పరీక్ష మళ్లీ చేయిస్తారు. అలాగని అది తప్పుడు రిపోర్టే అనుకుని ఇంట్లో కూర్చోవద్దు.

మీరు చదివింది నిజమే. కిడ్నీ గొట్టాల్లో మూత్రం జోరుగా పారితే, ఆ ఒత్తిడికి అక్కడి కణాల లోపల కాల్షియం పెరుగుతుంది. దాంతో బీకే అనే చానెళ్లు తెరుచుకుని పొటాషియం మూత్రంలోకి పోతుంది. అయితే కణం లోపల తిరిగే కాల్షియం రక్తంలో ఉన్నదానిలో సుమారు 10,000వ వంతే. దాన్ని కణం తనే అదుపు చేసుకుంటుంది, మనం మింగే మాత్ర దాన్ని పెంచలేదు. పైగా కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లు అవసరం లేకుండా కాల్షియం వాడితే అది రక్తనాళాల్లో పేరుకోవచ్చు. ఎమర్జెన్సీలో ఇచ్చే కాల్షియం ఇంజెక్షన్ కూడా గుండెను కాపాడటానికే, పొటాషియాన్ని తగ్గించడానికి కాదు.

నాకు టెన్షన్ పెట్టేది ఆ డైక్లోఫెనాక్. ఇలాంటి నొప్పి మాత్రలు కిడ్నీకి రక్తప్రసరణ తగ్గిస్తాయి. గొట్టాల్లో పారేది తగ్గితే మీరు చెప్పిన ఆ చానెళ్లు కూడా సరిగ్గా తెరుచుకోవు. పొటాషియాన్ని బయటకు పంపించే ఆల్డోస్టిరాన్ హార్మోన్‌ను టెల్మిసార్టాన్ ఎలాగూ తగ్గిస్తుంది. షుగర్ ఉన్న కిడ్నీ మీద ఈ రెండూ కలిసి పడుతున్నాయి. చూడకుండా కారణం ఇదేనని తేల్చి చెప్పలేను, కానీ నా అనుమానం మాత్రం దీని మీదే. కొండ దిగొచ్చి నాలుగు రోజులు నొప్పి మాత్రలు వేసుకునేవాళ్లను మా ఓపీలో చాలామందిని చూస్తుంటాం. బీపీ, షుగర్ ఉన్న పెద్దాయన చీటీ లేకుండా వాటిని కొంటుంటే మీరైనా అడ్డు చెప్పాల్సింది కదా బాబూ!

డైక్లోఫెనాక్ ఇప్పుడే మాన్పించండి. టెల్మిసార్టాన్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, ఆపాలో మార్చాలో చూసే డాక్టరే చెప్పాలి. ఒంట్లో బాలేదని కొబ్బరి నీళ్లు పట్టకండి, వాటిలో పొటాషియం చాలా ఎక్కువ. బీపీకి మంచిదని లో-సోడియం ఉప్పు వాడుతుంటే అదీ పక్కన పెట్టండి, అందులో కలిపేది పొటాషియం క్లోరైడే. దారిలో గుండె దడ, కాళ్లలో పట్టు లేకపోవడం, కళ్లు తిరగడం లాంటివి కనిపిస్తే 108కి ఫోన్ చేయండి.

వేసుకుంటున్న మాత్రల స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్లండి. పాత క్రియాటినిన్ రిపోర్టు ఉంటే అదీ తీసుకెళ్లండి. 1.7 కొత్తగా పెరిగిందా, ముందు నుంచీ ఉన్నదేనా అన్నది దాన్ని బట్టే తెలుస్తుంది.