కమాన్ కట్టల బుష్షులు మార్చుకునే ముందు

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గతుకుల్లో నీ మారుతి ఓమ్నీ వ్యాను వెనకనుంచి టక్కుటక్కుమంటోందనీ, షాక్ అబ్జార్బర్లు మార్చినా ఆ చప్పుడు పోలేదనీ రాశావు. ఆర్. ఉదయగిరి ఘాట్ రోడ్డు మలుపుల్లో బండి తోక పక్కకు జరిగినట్టు ఉంటోందని కూడా రాశావు కనుక, కమాన్ కట్టల (బండి బరువు మోసే వంపు ఉక్కు పట్టీల) కొసల్లో బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగులు, అంటే బుష్షులు, అరిగాయని నా అనుమానం. ఆ బండిని నెట్టేవి వెనక చక్రాలు, వాటి ఇరుసును పట్టి ఉంచేవి కమాన్ కట్టలు. అందువల్ల ఇంజను నెట్టుడూ, బ్రేకు వేసినప్పటి లాగుడూ ముందు కంటిలోని, అంటే కమాను ముందు కొసన చుట్టిన రంధ్రంలోని, బుష్ మీదే పడతాయి. వెనక కొసను బాడీకి కలిపే ఊగే పట్టీ, అంటే షాకిల్, బుష్షులు బరువుకు కమాను సాగినప్పుడల్లా ఊగుతూ అరుగుతాయి. కంటి పక్కన లీవరు రాడ్డు దూర్చి ఎత్తి చూడు. బోల్టు చుట్టూ రబ్బరు పగిలి, ఇనుము ఇనుముకు తగులుతుంటే ఇక ఆలోచించవలసింది లేదు.

రెండు వైపులా మార్చు, కానీ ఒక వైపు పూర్తిగా బిగించాకే రెండో వైపు విప్పు. రెండూ ఒకేసారి విప్పితే ఇరుసు జరిగిపోయి దాన్ని తిరిగి కుదర్చడానికే పూట గడిచిపోతుంది. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, బాడీ కింద గట్టి చోట స్టాండ్లు నిలిపి, ఇరుసు కింద వేరే జాకీ ఉంచు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరవద్దు. మన వానలకు బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి కనుక ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచు. పాత బుష్ రాకపోతే మంట పెట్టి కాల్చేవాళ్లున్నారు; వేడికి కమాను పదును పోతుంది, ఆ పని చేయవద్దు. బయట ఇనుప తొడుగున్న బుష్ అయితే లేత్ షాపులో ప్రెస్సు మీద తీయించు. కొత్త రబ్బరుకు గ్రీసు రాయకు, ఉబ్బి పాడవుతుంది. సబ్బు నీళ్లు చాలు.

అన్నిటికంటే ముఖ్యమైనది బిగింపు. ఒకసారి నేను చక్రాలు గాలిలో వేలాడుతుండగానే పానాతో గట్టిగా బిగించేశాను. బండి దించగానే బరువుకు కమాను సాగింది, కదలకుండా పట్టేసిన రబ్బరు మాత్రం మెలిపడింది. ఆ వానాకాలం దాటకుండానే చీరుకుపోయింది. కాబట్టి నట్లను చేతి బిగువు వరకే ఎక్కించి, బండిని నేలకు దించి, రెండు మూడుసార్లు తోకను అదిమి వదిలి, అప్పుడు పూర్తిగా బిగించు. లాక్ నట్లు కొత్తవే వేయి.

ఓమ్నీ తయారీ 2019లోనే ఆగింది కదా అని దిగులు పడకు. ఇక్కడి దుకాణంలో ఒడియాలో అడిగినా తెలుగులో అడిగినా బుష్ బుష్షే. పాతది చేతిలో పట్టుకెళ్లి కొలత సరిచూసుకుని కొను. రెండు వందల కిలోమీటర్లు తిరిగాక పాతపట్నం వచ్చే పని పెట్టుకుని ఇటు రా, ఆ నట్లతో పాటు కమానును ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టుల బిగువు కూడా ఇద్దరం చూద్దాం.

నీ మామయ్య