అమ్మలూ, స్కానర్ బయటికి తీసే ముందు కూర్చుని మాట్లాడుకోండి

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. చారిత్రక ప్రాంతం మీద ప్లానింగ్ వాళ్లు, డిజిటల్ డిజైన్ వాళ్లు, చరిత్ర వాళ్లు కలిసి చేసే రీసెర్చ్‌లో నిన్ను కోఆర్డినేషన్ చూడమన్నారంటే చాలా సంతోషం వేసింది. నువ్వు అడిగింది కట్టడాల్ని లేజర్‌తో కొలిచే స్కానర్లలో ఏది మంచిది, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అని. అది చివర్లో రెండు ముక్కల్లో చెప్తాను, ఎందుకంటే ఇలాంటి ప్రాజెక్టులు మెషీన్ దగ్గర ఆగిపోవడం నేను పెద్దగా చూడలేదు, మనుషుల మధ్యే ఆగిపోతాయి, ఒకే మాటని ముగ్గురు మూడు రకాలుగా అర్థం చేసుకుని ఎవరి పని వాళ్లు నెలల తరబడి చేసుకుంటూ పోతారు, అన్నీ కలపాల్సిన రోజు వచ్చాక గానీ ఏదీ దేనికీ అతకట్లేదని తెలీదు. ఎవరికి వారే యమునా తీరే. నీ ఉద్యోగం అది జరక్కుండా చూడటమే, మిగతాదంతా తర్వాత.

మొదటి మీటింగ్‌లో ఒక్క ప్రశ్న టేబుల్ మీద పెట్టు. మనం తయారు చేసే ఈ త్రీడీ మోడల్ చూసి ఎవరు, ఎప్పుడు, ఏ నిర్ణయం తీసుకుంటారు? అందరూ "డాక్యుమెంటేషన్ కోసం" "అవేర్‌నెస్ కోసం" అంటారు, ఒప్పుకోవద్దు. కొత్త బిల్డింగుల ఎత్తు ఎంతవరకు అనుమతించాలి అనేదా, ఏ వీధిలో వాహనాలు ఆపాలి అనేదా, ఏ ఇళ్లకి ముందు రిపేర్లు చెయ్యాలి అనేదా, పేరు పెట్టి చెప్పించు. చెప్పలేకపోతే ఇంకా మాట్లాడుకోవాలి అని అర్థం, ఫీల్డ్‌కి వెళ్లే టైమ్ రాలేదు.

"ఎప్పుడు" అన్న మాట ఊరికే అనలేదు. జర్మనీలోని డ్రెస్డెన్ నగరం సంగతి చూడు. అక్కడ ఎల్బే నది లోయకి 2004లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. నది మీద కొత్త వంతెన కట్టాలా వద్దా అని 2005లో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే జనం కట్టమనే ఓటేశారు. ఆ వంతెన వల్ల లోయ దృశ్యానికి ఎంత నష్టమో లెక్కగట్టే విజువల్ స్టడీ ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు చేసింది 2006లో, నష్టం పూడ్చలేనిది అని తేల్చారు కూడా, కానీ అప్పటికే ఓటింగ్ అయిపోయింది. 2009లో యునెస్కో ఆ హోదా తీసేసింది, 2013లో వంతెన మీద బళ్లు తిరిగాయి. ఎవరిది కరెక్ట్ అని నేను అనట్లేదు, నది దాటడానికి దారి కావాలనుకోవడం తప్పేం కాదు. కానీ ఆ బొమ్మలు ఓటేసే ముందు జనం చేతిలో ఉండి ఉంటే చర్చ ఇంకోలా నడిచి ఉండేది అని నా గట్టి నమ్మకం. అందుకే ప్లానింగ్ వాళ్ల దగ్గర ముందు క్యాలెండర్ అడుగు, మాస్టర్ ప్లాన్ డ్రాఫ్ట్ ఎప్పుడు, అభ్యంతరాలు ఎప్పటిదాకా తీసుకుంటారు, కౌన్సిల్ ముందుకి ఎప్పుడు వెళ్తుంది. మీ మోడల్ అందంగా లేకపోయినా పర్లేదు, ఆ తేదీకి ముందు రావాలి.

రెండోది కొలతలు, ఇక్కడ కాస్త ఓపిగ్గా చదువు. ప్లానర్‌కి బిల్డింగ్ అంటే ఎత్తు తెలిసిన ఒక పెట్టె, అర మీటరు అటూ ఇటూ అయినా ఆయన పని ఆగదు. కన్సర్వేషన్ చేసే ఆవిడకి గోడలో పగులు ఎన్ని మిల్లీమీటర్లు విచ్చుకుందో కావాలి. డిజైనర్‌కి మామూలు ఫోన్‌లో కూడా మోడల్ గబుక్కున తెరుచుకోవాలి, అంటే వీలైనంత తేలికగా ఉండాలి. ముగ్గురూ "డీటెయిల్డ్ మోడల్" అనే అంటారు! ఆ మాట వాడటం మానెయ్యమని చెప్పి ఎవరికి ఎంత కొలత కావాలో అంకెల్లో రాయించు.

ఇంకో చిక్కు కోఆర్డినేట్లది, అంటే ఒక చోటు ఎక్కడుందో చెప్పే అంకెలది. స్కానర్ మామూలుగా తను మొదట నిలబడ్డ చోటునే సున్నా అనుకుని అక్కడి నుంచి కొలుచుకుంటూ పోతుంది. సిటీ జీఐఎస్‌లో, అంటే కార్పొరేషన్ వాళ్ల కంప్యూటర్ మ్యాప్‌లో, అదే గుమ్మం ఏ పంతొమ్మిది లక్షల మీటర్ల దగ్గరో ఉంటుంది. రెండూ కలిపితే మోడల్ మ్యాప్‌లో ఎక్కడో శూన్యంలో తేలుతుంది, సరే కదా అని స్కాన్‌ని ఆ పెద్ద నంబర్లలోకి జరిపితే డిజైనర్ సాఫ్ట్‌వేర్‌లో గోడలు వణకడం మొదలెడతాయి. కారణం ఏంటంటే ఆ రకం సాఫ్ట్‌వేర్లు చాలావాటిలో ఒక నంబర్‌కి ఏడు అంకెలదాకానే నమ్మకం, పంతొమ్మిది లక్షలు రాయడానికే ఏడూ అయిపోతాయి, ఇక పాయింట్ తర్వాత మిగిలేది దాదాపు ఏమీ ఉండదు, స్కానర్ కొలిచిన ప్రతి బిందువూ సుమారు 12 సెంటీమీటర్ల మెట్టు మీదకి గెంతుతుంది, చెక్కిన శిల్పం కాస్తా ముద్ద అవుతుంది. దీనికి పరిష్కారం చాలా చిన్నది. ఏ కోఆర్డినేట్ సిస్టమ్ వాడుతున్నాం, డిజైన్ కోసం చిన్న నంబర్లలోకి ఎంత జరిపాం, కంట్రోల్ పాయింట్లు (కచ్చితంగా కొలిచి పెట్టుకున్న గుర్తులు) ఎక్కడెక్కడ, ఇవి ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి ప్రతి ఫోల్డర్‌లో పెట్టడమే. ఎత్తు కూడా మర్చిపోవద్దు, జీపీఎస్ చెప్పే ఎత్తు వేరు, సముద్ర మట్టం నుంచి లెక్కేసే ఎత్తు వేరు, కొన్నిచోట్ల ఆ తేడా పదుల మీటర్లు ఉంటుంది. వరద నీరు ఏ గుమ్మం దాకా వస్తుందో చూడాలనుకునే వాళ్లకి ఈ తేడా తెలియకపోతే స్టడీ మొత్తం వేస్ట్.

ప్రశ్న ముందు తేల్చుకోండి అన్నాను కదా, అలాగని ప్రశ్నకి అక్కర్లేదని ముడి డేటా పారెయ్యమని కాదు. పారిస్‌లోని నోత్ర్ దామ్ అనే పాత చర్చిని ఆండ్రూ టాలన్ అనే ఆర్ట్ హిస్టోరియన్ 2010లో లేజర్‌తో స్కాన్ చేశాడు, కట్టిన మేస్త్రీలు ఎలా ఆలోచించారో తెలుసుకోవాలని, వంద కోట్లకు పైగా బిందువులు. ఆయన 2018లో పోయాడు. మరుసటి ఏడాది ఏప్రిల్ 15న ఆ కప్పు కాలిపోయింది. వేరే ప్రశ్న కోసం తీసిన స్కాన్ పునర్నిర్మాణానికి పనికొచ్చింది. అయితే అందరూ ఈ స్కాన్ కథ దగ్గరే ఆగిపోతారు, నాకు అది నచ్చదు. కప్పు కింద ఉన్న పాత చెక్క దూలాల అల్లికని 2014లో ఇద్దరు ఆర్కిటెక్టులు దగ్గరుండి కొలిచి డ్రాయింగులు గీశారు, మళ్లీ అదే పద్ధతిలో వడ్రంగం చెయ్యగలిగారంటే అందులో ఆ డ్రాయింగుల పాత్ర చాలా పెద్దది. మెషీన్ బిందువులు ఇస్తుంది, ఏ దూలం దేని మీద కూర్చుంది, ఏ జాయింట్ తర్వాత రిపేర్‌లో వచ్చింది అన్నది చూసి అర్థం చేసుకునే మనిషి చెయ్యి చెప్తుంది. అగ్నిప్రమాదం తర్వాత అక్కడ పరిశోధనని ఎలా పంచుకున్నారో కూడా చదువు. చెక్కకి ఒక గ్రూపు, రాయికి ఒకటి, లోహానికి, గాజుకి, శబ్దానికి, డిజిటల్ డేటాకి, చివరికి ఆ చర్చితో మనుషులకున్న అనుబంధం మీద కూడా ఒక గ్రూపు పెట్టారు, డిజిటల్ వాళ్ల పని మిగతా అందరి పరిశీలనల్నీ ఒకే చోట ఒకదానికొకటి కలపడం. నీ ప్రాజెక్ట్ అందులో వందో వంతు ఉన్నా సరే, డిజిటల్ టీమ్‌ని అలాగే మధ్యలో కూర్చోబెట్టు. చివర్లో వచ్చి బొమ్మలు వేసిచ్చే వాళ్లలా చూశారంటే వాళ్లకీ మనసుండదు, పని కూడా పలచనవుతుంది.

ఇప్పుడు అక్కడ బతికేవాళ్ల సంగతి. యునెస్కో 2011లో చారిత్రక నగర దృశ్యం మీద ఒక సిఫార్సు ఆమోదించింది, పాత నగరం అంటే నాలుగు కట్టడాలు కాదు, నేల, నీళ్లు, వీధుల అల్లిక, మనుషుల వాడుక, వాళ్ల సంపాదన, అన్నీ పొరలు పొరలుగా కలిసినది అని దాని సారం. ప్రపోజల్‌లో ఇది అందరూ రాస్తారు, ఫీల్డ్‌లో మాత్రం అయిపోయిన మోడల్ పట్టుకెళ్లి ప్రొజెక్టర్ మీద తిప్పి చూపించి ఎలా ఉంది అని అడుగుతారు. బాగుంది అనక ఏమంటారు పాపం! నువ్వు అలా చెయ్యకు. ఏమీ పూర్తికాకముందే వెళ్లు, పెద్ద కాగితం మీద మ్యాప్ ప్రింట్ తీసి నేల మీద పరిచి పెన్నులు ఇవ్వు, ఇక్కడ మీరు దేన్ని ఏమని పిలుస్తారు, సాయంత్రం ఎక్కడ కూర్చుంటారు, వర్షం వస్తే నీళ్లు ఎటు పోతాయి, ఇక్కడ ఇంతకుముందు ఏముండేది అని అడుగు. మీ రికార్డుల్లో లేని పేర్లు, దారులు, గొడవలు అన్నీ బయటికొస్తాయి. ఇద్దరు ఒకే చోటు గురించి రెండు మాటలు చెప్తే రెండూ రాసుకో, తీర్పు చెప్పకు.

వాళ్లకి కొన్ని విషయాలు దాచుకునే హక్కు ఉంది, ఇది గట్టిగా చెప్తున్నాను. స్కానర్ కిటికీలోంచి ఇంట్లోకి కూడా చూస్తుంది, మొహాలు, బండి నంబర్లు, ఇంట్లో సామాను అన్నీ పడతాయి. ఒప్పుకోలు తీసుకున్నాం అని ఒక సంతకం చూపిస్తే సరిపోదు, వాళ్ల ఇల్లు మోడల్‌లో ఎలా కనిపిస్తుందో చూపించి, తీసెయ్యమంటే తీసెయ్యాలి. విలువైన విగ్రహాలున్న చోట్లు, బయటివాళ్లు చూడకూడదని వాళ్లు అనుకునే చోట్లు పబ్లిక్ వెర్షన్‌లో ఉండకూడదు. డేటా సులభంగా దొరకాలి, వాడుకునేలా ఉండాలి అనే ఫెయిర్ సూత్రాలు 2016లో వచ్చాయి, ఆదివాసీ సమూహాల డేటా మీద అధికారం వాళ్లదే, దాని లాభం వాళ్లకి చేరాలి అనే కేర్ సూత్రాలు 2019లో వచ్చాయి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు. ఇంకో భయం కూడా ఉంది నాకు, వారసత్వ ప్రాంతం అని పేరు పడగానే అద్దెలు పెరిగి ఎవరి వల్ల ఆ వీధి అలా ఉందో వాళ్లే ఖాళీ చేసి వెళ్లాల్సి రావచ్చు. అందుకే మీ మ్యాప్‌లో బిల్డింగ్ వయసు, స్టైల్‌తో పాటు అందులో అద్దెకున్నది ఎవరు, ఏ పని చేసుకుంటున్నారు అనే పొర కూడా ఉండాలి, పేర్లు లేకుండా. అది లేని మ్యాప్ చూసి నిర్ణయం తీసుకునేవాళ్లకి అక్కడ ఖాళీ గోడలే కనిపిస్తాయి.

పోయినదాన్ని మళ్లీ కట్టి చూపించేటప్పుడు చాలా జాగ్రత్త. రెండో ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన పోలండ్ రాజధాని వార్సా పాత పట్టణాన్ని తిరిగి కట్టేటప్పుడు బెలోట్టో అనే పద్దెనిమిదో శతాబ్దపు చిత్రకారుడి పెయింటింగులు చూసుకున్నారు, యుద్ధానికి ముందు ఆర్కిటెక్చర్ విద్యార్థులు తీసిన కొలతల డ్రాయింగులు కూడా వాడారు. పెయింటింగ్ ఒక రకం సాక్ష్యం, కొలత ఇంకో రకం, కానీ కట్టేశాక రెండూ ఒకే గోడలా కనిపిస్తాయి. త్రీడీలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, మంచి టెక్స్చర్, లైటింగ్ వేస్తే ఊహ కూడా ఫోటోలా నమ్మిస్తుంది. ఒక ఇంటికి పోయిన బాల్కనీ ఉందనుకో. అది పాత ఫోటోలో కనిపించిందా, పక్కింటి బాల్కనీ చూసి పెట్టామా, గోడలో మిగిలిన దూలాల కన్నాలు చూసి లెక్కేశామా, లేక అక్కడ ఏదో ఒకటి ఉండాలని మనమే పెట్టామా? నాలుగింటికీ నాలుగు రంగులు పెట్టుకుని, చూసేవాళ్లు ఒక బటన్ నొక్కితే ఆ రంగులు కనపడేలా చెయ్యమని డిజైనర్‌ని అడుగు. వారసత్వాన్ని కంప్యూటర్‌లో చూపించేటప్పుడు పాటించాల్సిన సూత్రాల పత్రం ఒకటుంది, లండన్ చార్టర్, 2009 వెర్షన్, సరిగ్గా దీనికోసమే, పేజీలు కూడా తక్కువే, టీమ్ మొత్తం కలిసి చదవండి. ఎందుకలా పెట్టాం అన్నది పెట్టిన రోజే రాయండి, రిపోర్ట్ టైమ్‌కి ఎవరికీ గుర్తుండదు.

పేపర్లలో పేర్ల గురించి మొదట్లోనే మాట్లాడుకోండి, మొహమాటపడొద్దు. చరిత్ర వాళ్లకి పుస్తకం ముఖ్యం, ప్లానర్‌కి రిపోర్టు, డిజైనర్‌కి ఎగ్జిబిషన్, ఒకరు ముందు బయటపెడితే ఇంకొకరి పని పాతబడిపోతుంది. పేపర్‌లో ఎవరు ఏ పని చేశారో రాయడానికి క్రెడిట్ (CRediT) అని ఒక పద్ధతి ఉంది, అందులో 14 రకాల పాత్రలు, డేటా సేకరించినవాళ్లు, సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు, బొమ్మలు చేసినవాళ్లు విడివిడిగా కనిపిస్తారు. అది వాడండి. సర్వే చేసిన కుర్రాళ్ల పేర్లు, ఒప్పుకుంటే కథలు చెప్పిన పెద్దవాళ్ల పేర్లు కూడా ఉండాలి.

ఇక నువ్వు అడిగింది. స్కానర్ అద్దెకి తీసుకోండి, చాలా పనులకి మంచి కెమెరాతో ఫోటోగ్రామెట్రీ, అంటే చాలా ఫోటోలు తీసి వాటి నుంచి త్రీడీ కొలతలు రాబట్టడం, సరిపోతుంది. సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, కానీ భద్రపరిచేది మాత్రం ఏ ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేర్‌కీ కట్టుబడని ఓపెన్ ఫార్మాట్‌లో, పాయింట్ క్లౌడ్‌కి (స్కాన్‌లో వచ్చిన బిందువుల గుంపుకి) ఈ57, బిల్డింగ్ మోడల్‌కి ఐఎఫ్‌సీ, సిటీ మోడల్‌కి సిటీజీఎమ్‌ఎల్. ఎందుకు అంటే, 1086లో ఇంగ్లండ్ రాజు భూముల లెక్క తీయించిన డూమ్స్‌డే సర్వేకి 900 ఏళ్లు నిండాయని 1986లో బీబీసీ పది లక్షల మందికి పైగా జనంతో కొత్త సర్వే చేయించి లేజర్ డిస్కుల మీద పెట్టింది, పదిహేనేళ్లకే ఆ డిస్కులు చదివే మెషీన్లు కరువయ్యాయి, యూనివర్సిటీల వాళ్లు ప్రత్యేకంగా కూర్చుని ఆ డేటాని బయటికి లాగాల్సి వచ్చింది. అసలు డూమ్స్‌డే పుస్తకం మాత్రం ఇప్పటికీ చదవొచ్చు. గ్రాంట్ అయిపోయాక సర్వర్ బిల్లు ఎవరు కడతారు, ఏ ఆర్కైవ్ తీసుకుంటుంది అన్నది మొదటి బడ్జెట్‌లోనే రాయించు, చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

మొదటి మీటింగ్ ఎప్పుడో చెప్పు. అయ్యాక మినిట్స్ పంపు, ముఖ్యంగా ఆ "ఎవరు, ఎప్పుడు, ఏ నిర్ణయం" అన్న ప్రశ్నకి ఎవరెవరు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే రాసి పంపు, నువ్వు సర్దకు. ఎక్కడెక్కడ మాటలు కలవట్లేదో మార్క్ చేసి పంపిస్తాను, దాని మీద ఫోన్‌లో మాట్లాడుకుందాం.

మీ పెద్దమ్మ