ఆసుపత్రి ఓడలో మా పెద్దమ్మ డ్యూటీ

యుద్ధంలో విదేశాలకు వెళ్లిన మిలటరీ నర్సులు అక్కడ ఏం పని చేసేవారని అడిగారు. రెండో ప్రపంచ యుద్ధంలో మా పెద్దమ్మ చేసిన ఉద్యోగం అదే. ఆమె నోట విన్నది చెబుతాను.

1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డప్పుడు ఆమె ఇక్కడే నర్సింగ్ నేర్చుకుంటోంది. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పారిపోతుంటే తను వార్డు వదల్లేదు. తర్వాత మిలటరీలో చేరింది. ఆసుపత్రి ఓడ మీద పోస్టింగ్.

నర్సు అనగానే అందరూ రక్తం, కట్లు అనుకుంటారు. పెద్దమ్మకు నిద్రే ఉండేది కాదు. పెనిసిలిన్ మూడు గంటలకోసారి ఇవ్వాలి, అర్ధరాత్రయినా సరే. గాజు సిరంజిలు మరగబెట్టాలి. మొన అరిగిన సూదుల్ని సానరాయి మీద నూరుకోవాలి. మలేరియా రాకుండా రోజూ మెపాక్రిన్ మాత్రలు మింగి ఒళ్లంతా పచ్చబడిపోయేదట.

1945 మేలో బర్మాలోని రంగూన్ జపాన్ వాళ్ల నుంచి మళ్లీ బ్రిటిష్ వాళ్ల చేతికొచ్చింది. మా వైపు పెద్దవాళ్లు దాన్ని ‘రంగం’ అనేవారు. అక్కడి జైలు నుంచి బయటపడ్డ సైనికులు కొందర్ని ఓడెక్కించారు. వాళ్లలో ఒకతను మన తెలుగువాడు. ఎముకల గూడు. గంజి పట్టగానే, “ఇంకో గరిటెడు ఎయ్యమ్మా” అని చెయ్యి పట్టుకున్నాడట. మాడిన కడుపుకి ఒక్కసారిగా తిండి పెడితే ప్రాణమే పోతుంది. “రెండు గంటలాగు నాయనా” అంది. అతను ఏడ్చాడు. రెండు గంటలూ ఈమె గడియారం చూస్తూ ఆ మంచం పక్కనే నిలబడింది. ఈ ముక్క చెప్పిన ప్రతిసారీ పెద్దమ్మ గొంతు పూడుకుపోయేది. నన్నడిగితే, గాయానికి కట్టు కట్టడం కంటే ఆకలితో ఉన్నవాడికి లేదని చెప్పడమే కష్టం.

ఇంతా చేసి వస్తే, మా బంధువులకు ఆమె ఉత్త ‘నర్సమ్మ’. 1943 ఆర్డినెన్స్‌తో మిలటరీ నర్సులకు ఆఫీసర్ హోదా వచ్చింది. అది ఎవరికీ పట్టలేదు. “ఓడలెక్కి తిరిగొచ్చిన పిల్ల” అని సంబంధాలు వెనక్కి పోయాయి. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

పెళ్లి అంటే గుర్తొచ్చింది. పెళ్లి చేసుకుందని 1988లో ఉద్యోగం తీసేసిన ఒక మిలటరీ నర్సుకు 60 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024లో తీర్పిచ్చింది. అప్పటికి పెద్దమ్మ లేదు. ఉంటే ఆ పేపరు పట్టుకెళ్లి, పక్కన కూర్చుని చదివి వినిపించేవాణ్ణి.