మీకు బాగా నచ్చిన వెస్టర్న్ (కౌబాయ్) సినిమా ఏది? అందులో సంగీతం గురించి ఏం చెబుతారు?

నా ఓటు 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' (1968)కి. దర్శకుడు సెర్జియో లియోనీ, సంగీతం ఎన్నియో మొరికోనే. ఇద్దరూ రోమ్‌లో చిన్నప్పుడు ఒకే బడిలో చదువుకున్నారు. వీళ్ళదే అయిన 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' ఈలపాట మా నాన్నకి కూడా వచ్చు. అయినా నేను తిరిగి తిరిగి చూసేది మాత్రం దీన్నే.

సంగీతం గురించి అడిగారు కానీ, ముందు సంగీతం లేని చోటు సంగతి చెప్పాలి. ఎడారి మధ్యలో ఓ రైల్వే స్టేషన్. ముగ్గురు తుపాకీగాళ్ళు రైలు కోసం కాచుకుని ఉంటారు. దాదాపు పది నిమిషాలు మాటల్లేవు, పాట లేదు. గాలిమర కిర్రుమంటూ తిరుగుతుంటుంది. ఒకడి బట్టతల మీద పైనుంచి నీటిచుక్క టప్పున పడుతుంది. వాడు టోపీ పెట్టుకుంటాడు, చుక్కలు టోపీ మీద పడుతూనే ఉంటాయి. ఇంకొకడు వేళ్ళు విరుచుకుంటాడు. మూడోవాడి గడ్డం మీద ఈగ వాలుతుంది. విసిగి విసిగి చివరికి దాన్ని తుపాకీ గొట్టంలో బంధించి, చెవి దగ్గర పెట్టుకుని ఆ రొద వింటూ నవ్వుకుంటాడు. హాస్టల్లో మొదటిసారి చూసినప్పుడు మా రూమ్మేట్ లేచి స్పీకర్ వైరు ఊపి చూశాడు, మ్యూజిక్ రావట్లేదేంటని! వైరు బాగానే ఉంది. ఆ చప్పుళ్ళే అక్కడ నేపథ్య సంగీతం. అందుకే రైలు వెళ్ళిపోయాక పట్టాలకి అవతలి నుంచి మౌత్ ఆర్గాన్ మోగగానే ఒళ్ళు జలదరిస్తుంది.

మామూలుగా సినిమా తీసేశాక సీన్లు చూసి సంగీతం కడతారు. ఇక్కడ వరస తిరగబడింది. మొరికోనే ముఖ్యమైన బాణీలన్నీ షూటింగ్‌కి ముందే కట్టి రికార్డు చేశాడు. లియోనీ వాటిని సెట్‌లో వినిపిస్తూ తీశాడు. నటుల నడక, కెమెరా కదలిక ఆ లయలోనే ఉంటాయి.

అది బాగా తెలిసేది క్లాడియా కార్డినాలే రైలు దిగే సీన్లో. జిల్ అనే ఆ పాత్ర కొత్తగా పెళ్ళయి అత్తారింటికి వస్తుంది. స్టేషన్‌కి ఎవరూ రారు. జనం పలచబడతారు. గడియారం వంక చూసుకుంటుంది. తర్వాత స్టేషన్ గదిలోకి వెళ్ళి దారి అడుగుతుంటే మనం కిటికీ బయటి నుంచే చూస్తాం, మాటలు వినబడవు. ఆమె అవతలి తలుపు గుండా బయటికి నడుస్తుంటే కెమెరా గోడ మీదుగా, పైకప్పు మీదుగా మెల్లగా లేస్తుంది. సరిగ్గా అప్పుడే గాయని ఎడ్డా డెల్లోర్సో గొంతు, వెనకాల ఆర్కెస్ట్రా ఎగసిపడతాయి, ఊరంతా కళ్ళముందు పరుచుకుంటుంది. ఆ పాటలో సాహిత్యం లేదు, ఉన్నది ఆలాపనే. ఆమె ఒంటరితనం, ఆశ రెండూ అందులోనే తెలుస్తాయి. ఒక్క డైలాగ్ కూడా అక్కర్లేదు.

పాత్రకో బాణీ ఉంటుంది. షయాన్ అనే దొంగకి బాంజో, గుర్రం తీరిగ్గా నడిచినట్టు. చార్లెస్ బ్రాన్సన్ పాత్రకి పేరు కూడా ఉండదు, మౌత్ ఆర్గాన్ వాయిస్తాడు కాబట్టి అందరూ 'హార్మోనికా' అనే పిలుస్తారు. అయితే అది పాటలా ఉండదు, ఊపిరాడని మనిషి మూలుగులా ఉంటుంది. ఎందుకలా అన్నది చివరి ద్వంద్వయుద్ధంలో గానీ తెలియదు. చూడనివాళ్ళ కోసం ఇక్కడితో ఆపేస్తాను.

విలన్‌గా హెన్రీ ఫోండా. అప్పటిదాకా మంచివాడి వేషాలకే పేరున్న మనిషి. ఒక కుటుంబాన్ని కాల్చి చంపాక పొదల్లోంచి హంతకులు బయటికొస్తారు. కరకరలాడే ఎలక్ట్రిక్ గిటార్ మోగుతుండగా కెమెరా వెనకనుంచి చుట్టూ తిరిగి ఆ నీలికళ్ళ ముఖం చూపిస్తుంది. ఆ కాలం ప్రేక్షకులకి ఎంత షాకో ఊహించుకోవచ్చు.

లోపాలా? నిదానం. 'మోసగాళ్ళకు మోసగాడు' చూసి పెరిగిన మా బాబాయి "కౌబాయ్ సినిమాకి ఇంత సాగదీతేంట్రా" అని గంటకే లేచిపోయాడు. ఆయన్ని తప్పుపట్టలేను. రైల్వే వ్యాపారి కథ నాకూ కాస్త బరువే.

మొరికోనేకి పోటీలో ఆస్కార్ వచ్చింది 2016లో, అదీ 'ది హేట్‌ఫుల్ ఎయిట్' అనే వేరే వెస్టర్న్‌కి. అప్పటికి ఆయనకి 87 ఏళ్ళు. ఈ సినిమాకి నామినేషన్ కూడా లేదంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చూడాలనుకుంటే ఫోన్లో వద్దు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కాస్త పెద్ద తెర మీద చూడండి. నిడివి కూడా గమనించండి. అమెరికాలో అప్పట్లో 20 నిమిషాల దాకా కత్తిరించి విడుదల చేశారు. 165 నిమిషాలున్నదే తీసుకోండి.